మందిచ్చే చేత్తోనే దెబ్బ

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో, గేముల తయారీ మీద ఆసక్తి ఉన్న ఇంజనీరింగ్ విద్యార్థులు పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చలేదు. మళ్ళీ మళ్ళీ వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువైతే చెప్పండి, గొంతు పెంచుతాను.

నన్ను పిలిచిన తమ్ముడు ఫోన్లో, "అక్కా, ఆన్‌లైన్ గేముల్లో హీలర్ ఎలా ఆడాలో చెప్పండి చాలు" అన్నాడు. అది చెప్పడానికి నాకంటే బాగా ఆడేవాళ్ళు యూట్యూబ్ నిండా ఉన్నారు. నేను ఆడే తీరు వేరు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లో, అంటే ఆ ఆట పాత రూపంలో, నాది ప్రీస్ట్ పాత్ర. గుంపులో నా పని నయం చెయ్యడం. చేస్తాను. దాంతోపాటు కొడతాను కూడా. స్మైట్ అని ఒక మంత్రం ఉంటుంది. ఆట మొదలుపెట్టగానే చేతిలో పెడతారు, కొన్నాళ్ళకి అందరూ మర్చిపోతారు. దాన్ని అరవయ్యో లెవెల్ దాకా మోసుకొచ్చి, దాని చుట్టూనే నా బిల్డ్, అంటే పాత్రకి ఎంచుకునే నేర్పుల కూర్పు, కట్టుకున్నాను. మా గిల్డ్‌లో, అంటే కలిసి ఆడే మా జట్టులో, కొత్తగా చేరినవాళ్ళు అడిగే మాట ఒకటే: "అక్కా, మీరు హీలర్ కదా, డ్యామేజ్ లిస్టులో మీ పేరెందుకుంది?" ఈ సాయంత్రం దానికి జవాబు చెప్పి వెళ్తాను.

ఈ ఆటలు తెలియనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒక చెయ్యి... రెండు. సరే, రెండు ముక్కల్లో చెప్తాను. ఐదుగురు కలిసి ఒక గుహలోకో కోటలోకో వెళ్తారు. ఒకడు ముందు నిలబడి దెబ్బలు తింటాడు, వాడు టాంక్. ముగ్గురు కొడతారు, వాళ్ళని డీపీఎస్ అంటాం. ఒకరు నయం చేస్తారు, హీలర్. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ నాటికే ఈ పని పంపకం గట్టిపడింది. 2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ దాన్ని లోకమంతా తిప్పింది.

హీలర్ కొట్టకూడదని ఎవరు పెట్టారో నాకు అర్థం కాదు. 1974లో అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటి రూల్స్‌లో క్లెరిక్ అనే పాత్ర ఉంది. మన హీలర్లందరికీ మూలపురుషుడు ఆయనే. కవచం తొడుక్కుని, గద పట్టుకుని, యోధుడి పక్కనే నిలబడతాడు. మొదటి లెవెల్లో ఆయనకి ఒక్క మంత్రం కూడా ఉండదు. రెండో లెవెల్‌కి వస్తేనే మొదటి మంత్రం. అంటే ముందు కొట్టడం వచ్చు, వైద్యం ఆ తర్వాత నేర్చుకున్నాడు. మరి ఆ గద ఎక్కడ పోయింది?

ఎవర్‌క్వెస్ట్‌లో పోయిందని నా అభిప్రాయం. అందులో కంప్లీట్ హీల్ అని ఒక మంత్రం ఉండేది. అది వెయ్యడానికి పట్టే సమయం 10 సెకన్లు. పెద్ద రాక్షసుల దగ్గర టాంక్ 10 సెకన్లు ఎక్కడ బతుకుతాడు? అందుకని క్లెరిక్‌లు వరస కట్టేవాళ్ళు. ఒకరు మొదలుపెట్టిన కొన్ని సెకన్లకి రెండోవాళ్ళు, ఆ తర్వాత మూడోవాళ్ళు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు నొక్కాలి. మిగతా సమయమంతా కింద కూర్చుని మానా, అంటే మంత్రాలకి ఖర్చయ్యే శక్తి, నింపుకోవాలి. ఆ ఏర్పాటులో ఎవరైనా సరదాకి లేచి ఒక దెబ్బ కొడితే వరస తప్పుతుంది, టాంక్ పోతాడు, రెయిడ్, అంటే పెద్ద గుంపుతో చేసే దాడి, మొత్తం పోతుంది. హీలర్ అంటే అందరి ప్రాణం చూపించే పచ్చ గీతలు చూస్తూ చేతులు కట్టుకు కూర్చునే మనిషి అనే అలవాటు అక్కడ పడింది. ఆట మారింది, మంత్రాలు మారాయి, అలవాటు మాత్రం మిగిలిపోయింది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఈ అంకెలు ఏ ఆటవీ కావు, మన సులువు కోసం నేను వేసుకున్నవి. బాస్‌కి, అంటే పెద్ద రాక్షసుడికి, 12 లక్షల ప్రాణం ఉంది. గుంపు అంతా కలిసి సెకనుకి 5,000 కొడుతోంది. 240 సెకన్లలో బాస్ పడిపోతాడు. మధ్యలో దొరికిన ఖాళీల్లో హీలర్ సగటున సెకనుకి 600 కలిపాడనుకోండి. 5,600 అయింది. ఇప్పుడు 214 సెకన్లు చాలు. మిగిలింది 26 సెకన్లు. ఆ బాస్ గుంపుకి సెకనుకి 2,000 నష్టం చేస్తున్నాడనుకుంటే, జరగకుండా ఆగిపోయిన నష్టం 52,000. దాన్ని ఏ హీలింగ్ మీటరూ చూపించదు. ఇంకో సంగతి. ఆ బాస్ 55 సెకన్లకొకసారి అందరినీ ఊపేసే పెద్ద దెబ్బ కొడతాడనుకోండి. 55, 110, 165, 220. నాలుగోది 220లో రావాలి. 214లోనే బాస్ పోయాడు కాబట్టి అది రానే రాదు. మామూలుగా హీలర్‌కి చెమటలు పట్టేది ఆ నాలుగో దెబ్బకే. అప్పటికి మానా అడుగంటి ఉంటుంది కదా.

దీనికి ఎదురు మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఆ 600 కొట్టడంలో మునిగిపోయి ఒక డీపీఎస్‌ని చావనిచ్చారనుకోండి, పోయేది సెకనుకి వెయ్యో పదిహేను వందలో. అంటే మీరు కలిపినదానికి రెండింతలు పోయింది. కాబట్టి నేను చెప్పేదంతా ఖాళీ సెకన్ల గురించే. నయం చెయ్యాల్సిన సెకను నయం చెయ్యడానికే. అందులో బేరం లేదు.

ఖాళీ ఎంత ఉంటుందంటారా? ఓవర్‌హీలింగ్ అని ఒక అంకె ఉంటుంది. నిండుగా ఉన్నవాడి మీద పోసిన వైద్యం. మీ గిల్డ్ లాగ్స్, అంటే కొట్లాటల రికార్డులు, తెరిచి ఏ హీలర్ పేరు మీద నొక్కినా కనిపిస్తుంది. అందులో కొంత తప్పదు, ముందు జాగ్రత్తకి వేసినది. మిగతాది మాత్రం ఏం చెయ్యాలో తోచక నొక్కిన బటన్లు. మానా ఎలాగూ ఖర్చయింది, ఎవరికీ ఏమీ దక్కలేదు. ఆ సమయంలో స్మైట్ వేసినా అంతే ఖర్చయ్యేది, బాస్‌కి కాస్త తగిలేది.

సరే, ఇక నా బిల్డ్‌లోకి వస్తాను. కొంచెం లోతుకి వెళ్తాను, ఓపిక పట్టండి.

క్లాసిక్‌లో అరవై లెవెల్‌కి వచ్చేది 51 టాలెంట్ పాయింట్లు, పాత్రకి నేర్పులు ఎంచుకోవడానికి ఖర్చుపెట్టేవి. ప్రీస్ట్‌కి మూడు శాఖలు: డిసిప్లిన్, హోలీ, షాడో. కొట్టాలనుకునే ప్రీస్ట్‌ని అందరూ షాడోలోకి పొమ్మంటారు. అది వేరే దారి. షాడో రూపంలో ఉంటే హోలీ మంత్రాలు వెయ్యడం కుదరదు, నయం చెయ్యాలంటే రూపం వదలాలి. నాకు నయం చెయ్యడం, కొట్టడం రెండూ ఒకే చేత్తో కావాలి. డిసిప్లిన్ చివర పవర్ ఇన్ఫ్యూజన్ ఉంది: 15 సెకన్లు మంత్రాల బలం 20 శాతం పెరుగుతుంది. దానికి అక్కడ 31 పాయింట్లు పెట్టాలి. హోలీలో స్పిరిచువల్ గైడెన్స్ ఉంది: మన స్పిరిట్, అంటే మానా ఊరడానికి పనికొచ్చే గుణం, అందులో 25 శాతం మంత్రాల బలంగా మారుతుంది, కొట్టడానికీ నయం చెయ్యడానికీ కూడా. అది నిండా తీసుకోవాలంటే అక్కడ 25 పాయింట్లు. 31, 25 కలిపితే 56. మన దగ్గర ఉన్నది 51. ఏదో ఒకటి వదలాలి. నేను పవర్ ఇన్ఫ్యూజన్ వదిలేశాను. మూడు నిమిషాలకొకసారి వచ్చే ఆ 15 సెకన్లు రెయిడ్‌లో ఎలాగూ ఏ మేజ్‌కో, అంటే మంత్రాలతో కొట్టే డీపీఎస్‌కో, ఇచ్చెయ్యమంటారు. స్పిరిట్ అయితే పొద్దస్తమానం పనిచేస్తుంది. ఇది నా లెక్క. ఇంకొకరు ఇంకోలా వేస్తారు, వాళ్ళతో నాకు పేచీ లేదు.

డివైన్ ఫ్యూరీ అని హోలీలోనే ఇంకో టాలెంట్ ఉంది. స్మైట్ వెయ్యడానికి పట్టే రెండున్నర సెకన్లు రెండుకి తగ్గుతాయి. గ్రేటర్ హీల్ అనే వైద్యం మంత్రం మూడు నుంచి రెండున్నరకి తగ్గుతుంది. చూశారా, ఒకే టాలెంట్ రెండు చేతులకీ పనికొచ్చింది. ఈ బిల్డ్‌కి పనికొచ్చే టాలెంట్లని నేను ఏరుకునేది ఈ పద్ధతిలోనే.

ఇప్పుడు అసలు చిక్కు. మానా. క్లాసిక్‌లో ఐదు సెకన్ల రూలు ఉంది. మానా ఖర్చయ్యే మంత్రం ఒకటి పూర్తయిందంటే, ఆ క్షణం నుంచి ఐదు సెకన్ల పాటు స్పిరిట్ వల్ల ఊరే మానా ఆగిపోతుంది. మెడిటేషన్ టాలెంట్ పూర్తిగా తీసుకుంటే 15 శాతం మాత్రం ఊరుతూ ఉంటుంది. స్మైట్ వేసే హీలర్‌కి అసలు నష్టం ఆ మంత్రం ఖరీదు వల్ల కాదు, ఆగిపోయే ఈ ఊట వల్ల. మామూలు హీలర్ ఊరికే నిలబడితే మానా ఊరుతుంది, మనం కొడితే ఊరదు.

అందుకే ఎలా కొట్టాలన్నది ముఖ్యం. ముప్పై సెకన్లలో ఐదు స్మైట్‌లు వేస్తారనుకోండి. ఆరు సెకన్లకొకటి చొప్పున విడివిడిగా వేశారు. ఒకటి పూర్తయ్యాక ఐదు సెకన్లు ఊట బంద్, ఒక్క సెకను ఊరుతుంది, మళ్ళీ ఇంకోటి. మొత్తం మీద ఊరేది ఐదారు సెకన్లే. అవే ఐదింటినీ వరసగా వేసెయ్యండి. పది సెకన్లలో అయిపోతాయి. ఇంకో ఐదు సెకన్లు ఆగాలి. ఆపైన మిగిలిన పదిహేను సెకన్లూ మానా నిక్షేపంగా ఊరుతుంది. కొట్టిన దెబ్బ అంతే, వచ్చిన మానా రెండింతల పైమాటే. కాబట్టి ఖాళీ దొరికినప్పుడల్లా ఒకటి విసిరే అలవాటు మానుకోండి. కొట్టేటప్పుడు గుత్తిగా కొట్టండి, ఆపినప్పుడు పూర్తిగా ఆపండి.

ఆపినప్పుడు కూడా చేతులు ఊరికే ఉండక్కర్లేదు. మంత్రదండం ఉంది కదా, వాండ్. దాంతో కొడితే మానా ఖర్చు కాదు, ఐదు సెకన్ల గడియారం మళ్ళీ మొదలవదు. డిసిప్లిన్ మొదటి వరసలో వాండ్ స్పెషలైజేషన్ అని ఉంది, ఐదు పాయింట్లు పెడితే వాండ్ దెబ్బ 25 శాతం పెరుగుతుంది. అరవై లెవెల్ హీలర్లు దాన్ని చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇంకో చిన్న కిటుకు. ఈ ఆటలో మానా తగ్గేది మంత్రం మొదలుపెట్టినప్పుడు కాదు, పూర్తయినప్పుడు. అంటే స్మైట్ మొదలుపెట్టి, ఒకటిన్నర సెకను గడిచాక టాంక్ గీత జర్రున పడిపోయిందని చూసి, ఒక్క అడుగు పక్కకి వేస్తే మంత్రం రద్దు. మానా పోలేదు, ఐదు సెకన్ల రూలు మొదలవలేదు. వెంటనే ఫ్లాష్ హీల్ అనే తొందర వైద్యం వేసుకోవచ్చు. కాబట్టి నా కన్ను ఎప్పుడూ స్మైట్ మీద ఉండదు, గీతల మీదే ఉంటుంది. స్మైట్ తనంతట తాను పూర్తవుతుంది. పూర్తవనివ్వాలా వద్దా అన్నదే నేను చూసుకునేది.

విశాఖలో కూర్చుని ఇది చెయ్యడానికి ఇంకో తలనొప్పి ఉంది, మీకందరికీ తెలిసిందే. పింగ్, అంటే మన నొక్కు సర్వర్‌కి పోయి జవాబు రావడానికి పట్టే సమయం. ఈ ఆటకి మన దేశంలో సర్వర్ లేదు. నేను యూరప్ సర్వర్లో ఆడతాను. ఇక్కణ్ణించి ఫ్రాంక్‌ఫర్ట్ గీత గీసినట్టు వెళ్ళినా 7,400 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకి రమారమి 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి కనీసం 74 మిల్లీసెకన్లు. ఇది భౌతికశాస్త్రం, ఏ ప్లాన్ రీచార్జ్ చేసుకున్నా తగ్గదు. నిజంలో తీగ గీత గీసినట్టు పోదు కదా. ముంబయి వెళ్ళాలి, లేకపోతే చెన్నై, అక్కడ సముద్రంలోకి దిగి ఎక్కడెక్కడో తిరిగి వెళ్ళాలి. మధ్యలో రౌటర్లు. పింగ్ రెండు వందలు చూపించినా నేను ఆశ్చర్యపోను. రెండు వందలంటే సెకనులో ఐదో వంతు. అందుకే స్మైట్ ఆపాలా వద్దా అన్నది చివరి క్షణం దాకా నాన్చకూడదు. సగం గడిచేసరికి తేల్చుకోవాలి. అక్కడివాళ్ళకి దొరికే వెసులుబాటు మనకి లేదు.

(సభలో నుంచి: "అందుకే మేము ఓడిపోతామండీ!" నవ్వులు.)

మీరు ఓడిపోవడానికి అదొక్కటే కారణం కాదులే తమ్ముడూ.

ఈ బిల్డ్ ఎక్కడ పనికొస్తుందో ఒక చోటు చూపిస్తాను. స్ట్రాథోల్మ్ అని ఒక తగలబడిన ఊరు. దాంట్లో సగం శవాల రాజ్యం. చివర్లో బ్యారన్ రివెండేర్ గుర్రం మీద కూర్చుని ఉంటాడు. మామూలుగా అయితే నిదానంగా ఆడుకుంటూ పోవచ్చు. కానీ ఒక క్వెస్ట్, అంటే ఆట మనకిచ్చే పని, ఉంది, దాని ప్రకారం లోపలికి వెళ్ళాక 45 నిమిషాల్లో బ్యారన్‌ని చంపాలి. లేకపోతే అక్కడ బందీగా ఉన్న ఒకామెని చంపేస్తాడు. ఐదుగురే. మూడు గోపురాల్లాంటి కట్టడాల దగ్గర ముగ్గురు బాసులు. ఒక్కో కట్టడంలో మంత్రాలు చదువుతున్నవాళ్ళని చంపాలి. ఆ తర్వాత చివరి ప్రాంగణం.

మా గుంపులో గాజువాక తమ్ముడు టాంక్. మిగతావాళ్ళు ఒకడు హైదరాబాదు, ఒకడు దుబాయ్, ఒక చెల్లెలు ఇక్కడే ఎంవీపీ కాలనీ. వాయిస్‌లో ఎప్పుడూ గొడవే. గడియారం ఉన్నప్పుడు గుంపు సమయం ఎక్కడ పోతుందో గమనించారా? కొట్లాటల్లో కాదు, నీళ్ళు తాగడంలో. ప్రతి కొట్లాట అయ్యాక కూర్చుని మానా నింపుకోవాలి, ఒక్కోసారి ముప్పై సెకన్లు. అలాంటివి పాతిక పడ్డాయంటే పన్నెండున్నర నిమిషాలు హుష్ కాకి. ఇక్కడ నేను చూసేది మేజ్ మానాని. మేజ్ ఎలాగూ తాగడానికి కూర్చుంటాడని తెలిస్తే, ఆ కొట్లాటలో నా మానా దాచుకుని లాభం లేదు. ఇద్దరం ఒకేసారి తాగుతాం, నీళ్ళు మేజ్ చేసినవే, డబ్బులు కూడా పోవు. మొత్తం స్మైట్‌లకే పోస్తాను. అదే మేజ్ దగ్గర ఇంకో కొట్లాటకి సరిపడా ఉంటే నేను వాండ్‌తోనే సరిపెట్టుకుంటాను. నా వల్ల నలుగురు ఆగకూడదు.

చివరి ప్రాంగణంలో రామ్‌స్టైన్ అనే బండవాడు పడిపోగానే చిన్న చిన్న అస్థిపంజరాలు గుంపుగా మీదికి దూసుకొస్తాయి. ఒక్కోదానికి ప్రాణం తక్కువ, కానీ టాంక్ అన్నింటినీ పట్టుకోలేడు. హైదరాబాదు అబ్బాయి ఎప్పుడూ అక్కడే "అక్కా నేను పోతున్నా, పోతున్నా!" అని అరుస్తాడు. మామూలు హీలర్ ఒక్కొక్కరి మీదా ఫ్లాష్ హీల్ వేస్తూ ఉంటే, హీలింగ్ వల్ల వచ్చే ఆగ్రోతో, అంటే శత్రువుల చూపు తనవైపు తిరగడంతో, అస్థిపంజరాలన్నీ ఆమె మీదికే వస్తాయి. నా దగ్గర హోలీ నోవా ఉంది. నా చుట్టూ పది గజాల్లో ఉన్న శత్రువులకి దెబ్బ, మా గుంపు వాళ్ళకి వైద్యం, రెండూ ఒకే నొక్కులో. పైగా దానివల్ల ఆగ్రో అసలు రాదు, ఆ మాట మంత్రం వివరణలోనే రాసి ఉంటుంది. ఖరీదు మాత్రం బాగా ఎక్కువ, మానా కళ్ళముందే కరిగిపోతుంది. "అందరూ నా దగ్గరికి రండి" అంటాను, వస్తారు, నాలుగైదు సార్లు నొక్కుతాను. అస్థిపంజరాలు రాలిపోతాయి, మనవాళ్ళ గీతలు నిండుతాయి. ఆ పది సెకన్ల కోసమైనా ఈ బిల్డ్ కట్టుకోవచ్చు అనిపిస్తుంది నాకు.

హోలీ దెబ్బకి ఇంకో సుగుణం ఉంది. నిప్పు, మంచు, ప్రకృతి, షాడో, ఆర్కేన్, ఈ ఐదింటినీ తట్టుకునే రెసిస్టెన్స్ ఆటలో ఉంది. మోల్టెన్ కోర్ అనే నిప్పుల రెయిడ్‌లో సగం జీవాలకి నిప్పే తగలదు, ఫైర్ మేజ్‌లు అక్కడ మంచు వైపు మారిపోతారు. హోలీకి అలాంటి అడ్డు లేదు.

ఇప్పుడు మీరందరూ అడగాలనుకుంటున్న దానికి వస్తాను. "ఎవరి పని వాళ్ళు చెయ్యాలి కదా?" ఈ మాట విన్నప్పుడల్లా మన పోతినమల్లయ్యపాలెం స్టేడియం గుర్తొస్తుంది నాకు. 2005 ఏప్రిల్ 5, పాకిస్తాన్‌తో వన్డే. ధోనీ అప్పటికి కొత్త కుర్రాడు. వికెట్ కీపర్‌ని మూడో స్థానంలో పంపారు. 123 బంతుల్లో 148 కొట్టాడు. బ్యాటు పట్టిన కీపర్లు అంతకుముందు లేరని కాదు, గిల్‌క్రిస్ట్ అప్పటికే దడదడలాడిస్తున్నాడు. కానీ మన దగ్గర కీపర్ అంటే ముందు క్యాచ్‌లు పట్టాలి, పరుగులు వస్తే సంతోషం అనే లెక్క ఉండేది. ఆ రోజు తర్వాత ఆ లెక్క నడవలేదు. అయితే ఒకటి గమనించండి, ఆ రోజు బ్యాటింగ్ అయ్యాక ఆయన గ్లోవ్స్ కూడా వేసుకున్నాడు. క్యాచ్‌లు వదిలేసే కీపర్ 148 కొట్టినా రెండో మ్యాచ్‌లో ఉండడు.

గుంపు అనుమతి గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. తెలియనివాళ్ళతో ఆడేటప్పుడు, లోపలికి వెళ్ళకముందే చెప్పండి: "నేను స్మైట్ ప్రీస్ట్‌ని, హీలింగ్ నాదే, ఖాళీగా ఉంటే కొడతాను." వద్దంటే వచ్చెయ్యండి. చెప్పకుండా వెళ్ళి, మధ్యలో ఎవరైనా చస్తే, ఆ చావుకి మీ స్మైటే కారణమని అందరూ తేల్చేస్తారు. వాడు నిప్పులో నిలబడి చచ్చినా సరే. గుంపులోంచి తీసేస్తారు. అందులో వాళ్ళ తప్పు లేదు, వాళ్ళ సాయంత్రం వాళ్ళది. నలభై మంది రెయిడ్‌లో అయితే ఇంకా జాగ్రత్త. అక్కడ హీలింగ్ లీడ్ చెప్పిన చోటే నిలబడాలి. కష్టమైన బాస్ అయితే నేను కూడా స్మైట్ బటన్ తీసి పక్కన పెట్టేస్తాను.

గేరు, అంటే పాత్ర తొడుక్కునే వస్తువుల సంగతి కూడా చెప్పాలి. పాత వార్‌క్రాఫ్ట్‌లో "హీలింగ్ పెంచే" వస్తువులు వేరు, "డ్యామేజ్, హీలింగ్ రెండూ పెంచే" వస్తువులు వేరు. రెండోవి ఎప్పుడూ అంకెలో తక్కువ ఉంటాయి, పైగా వాటికోసం మేజ్‌లూ వార్లాక్‌లూ పోటీకి వస్తారు. వాళ్ళతో గొడవపడి లాక్కోకండి. 2008లో కంపెనీ రెండింటినీ కలిపి స్పెల్ పవర్ అని ఒకటే చేసేసింది. దానికి ముందు కాలంలో కొట్టే హీలర్‌గా ఉండడం నిజంగా ఖరీదైన వ్యవహారం. షాకడిన్ అని ఒక తెగ ఉండేది, హోలీ పాలడిన్‌లు, హోలీ షాక్ అనే మంత్రంతో కొట్టేవాళ్ళు. మిత్రుడి మీద వేస్తే మందు, శత్రువు మీద వేస్తే దెబ్బ. ఇనుప కవచం వెయ్యాల్సిన పాలడిన్‌లు మేజ్‌లు తొడుక్కునే గుడ్డ చొక్కాలు తొడుక్కుని తిరిగేవాళ్ళు. చూడ్డానికి కామెడీగా ఉండేది, కొడితే మాత్రం కామెడీ కాదు.

ఆ తర్వాత జరిగింది చూడండి. 2007లో బర్నింగ్ క్రూసేడ్ కాలంలో షాడో ప్రీస్ట్ కొట్టిన షాడో దెబ్బలో 15 శాతం గుంపుకి ప్రాణంగా, 5 శాతం మానాగా వెళ్ళేది. 2010 చివర్లో డిసిప్లిన్ ప్రీస్ట్‌కి అటోన్‌మెంట్ ఇచ్చారు: స్మైట్ వేస్తే పక్కనున్నవాడు నయమవుతాడు. 2016లో ఆ శాఖ మొత్తాన్నీ దాని మీదే కట్టారు. మనవాళ్ళ మీద ముందుగా అటోన్‌మెంట్ పెట్టాలి, అది 15 సెకన్లు ఉంటుంది, ఆ లోపు మనం కొట్టిన దెబ్బలన్నీ వాళ్ళందరికీ మందు. పెద్ద దెబ్బ ఎప్పుడొస్తుందో ముందే తెలియాలి, అది తగలకముందే అందరికీ పెట్టి ఉంచాలి. ఫైనల్ ఫాంటసీ 14లో 2021లో సేజ్ అనే హీలర్ వచ్చాడు. కార్డియా అని ఒకరి మీద పెట్టి, బాస్‌ని కొడుతూ ఉంటే ఆ ఒకరు నయమవుతూ ఉంటారు. ఒకప్పుడు గుంపులోంచి గెంటించుకున్న పనిని ఇప్పుడు కంపెనీలే డబ్బాలో పెట్టి అమ్ముతున్నాయి. డిజైనర్ కావాలనుకునేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. జనం మీ రూల్స్ సందుల్లోంచి ఏం చేస్తున్నారో చూడండి, మూసెయ్యడానికి తొందరపడకండి.

సందు అంటే ఒకటి చెప్పకుండా ఉండలేను. 2005లో వచ్చిన గిల్డ్ వార్స్. అందులో హీలర్‌ని మాంక్ అంటారు. ప్రొటెక్టివ్ స్పిరిట్ అనే మంత్రం ఉంది: ఒక్క దెబ్బకి మొత్తం ప్రాణంలో 10 శాతానికి మించి పోదు. టాంక్ మీద వేసే మంత్రం. ఎవరో బుర్ర ఉన్నవాళ్ళు తిరగేసి ఆలోచించారు: మొత్తం ప్రాణమే తక్కువైతే? 20వ లెవెల్లో మాంక్‌కి 480 ప్రాణం. కవచానికి పెట్టే సుపీరియర్ రూన్ ఒక్కోటి ప్రాణం 75 తగ్గిస్తుంది. ఐదు పెట్టుకుంటే 105 మిగిలింది. ఇంకో 50 తగ్గించే వస్తువు చేతిలో పట్టుకుంటే 55. ఇప్పుడు ఎంత భూతం కొట్టినా ఒక దెబ్బకి పోయేది 5. ప్రాణం తిరిగి ఊరే మంత్రం వేసుకుంటే సెకనుకి 20 దాకా వస్తుంది. ఒక్క హీలర్, గుంపు లేదు, టాంక్ లేదు, భూతాల మధ్యలో నిలబడి, కొట్టినవాడికే దెబ్బ తిరిగి తగిలే మంత్రాలు వేసుకుని నింపాదిగా చంపుకుంటూ కూర్చునేవాళ్ళు. ప్రాణం పెంచుకోవడానికి చచ్చే ఆటలో ప్రాణం తగ్గించుకుని గెలిచారు. నాకు అన్ని బిల్డ్‌లలోకీ ఇష్టమైన బిల్డ్ అదే, నాది కూడా దాని తర్వాతే.

ఇంకొక్క మాట, ఇది అబ్బాయిలకి. గుంపులో అమ్మాయి గొంతు వినపడగానే "మీరు హీలర్ ఆడండి" అనడం మానండి. నేను హీలర్‌ని నాకిష్టమై అయ్యాను. మా ఎంవీపీ చెల్లెలు రోగ్, అంటే కత్తులతో కొట్టే డీపీఎస్. మీ అందరికంటే గట్టిగా కొడుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: "అక్కా, లాగ్స్‌లో మీ హీలింగ్ తక్కువ కనిపిస్తుంది కదా, గిల్డ్ లీడర్ ఏమీ అనడా?")

అంటాడు. అందుకే అంకె చూపించను, చావుల పేజీ చూపిస్తాను. ఎవరు, ఎప్పుడు, దేనివల్ల చచ్చారు అని ఉంటుంది. ఆ సమయానికి నేను స్మైట్ వేస్తూ ఉంటే తప్పు నాది, ఒప్పుకుంటాను. కొట్లాట ఎన్ని సెకన్లలో ముగిసిందో చూపిస్తాను. ఈ రెండూ బాగున్నంత కాలం పచ్చ అంకె ఎంతైతే ఏంటి?

(మరో విద్యార్థిని: "నేను కొత్తగా మొదలుపెట్టాలనుకుంటున్నాను. మొదటి నుంచే ఈ బిల్డ్ ఆడొచ్చా?")

నిక్షేపంగా ఆడొచ్చు అమ్మా. ఐదో లెవెల్‌కి రాగానే ఆక్షన్ హౌస్‌లో లెసర్ మ్యాజిక్ వాండ్ కొనుక్కో. ఎన్‌చాంటర్లు చేసి అమ్ముతారు, పెద్ద ధర ఉండదు. పదమూడులో గ్రేటర్ మ్యాజిక్ వాండ్. పదో లెవెల్ నుంచి పద్నాలుగు దాకా వచ్చే ఐదు పాయింట్లూ వాండ్ స్పెషలైజేషన్‌లోనే పెట్టు, ఎవరేమన్నా వినకు. దూరం నుంచి ఒకటో రెండో స్మైట్, షాడో వర్డ్ పెయిన్ ఒకటి, దగ్గరికి వచ్చాక నీ మీద ఒక షీల్డ్, అక్కణ్ణించి వాండ్. పదిహేను నుంచి హోలీలోకి వెళ్ళు: ముందు హోలీ స్పెషలైజేషన్ ఐదు, తర్వాత డివైన్ ఫ్యూరీ ఐదు. ఇరవయ్యో లెవెల్లో హోలీ ఫైర్ కూడా వస్తుంది, కొట్లాట దాంతో మొదలుపెట్టు. ఇరవై నాలుగుకి ఆ పది పాయింట్లూ అయిపోతాయి. ఇరవై ఐదులో వచ్చే పాయింటు హోలీ నోవాకి. అప్పుడు నాకు మెసేజ్ పెట్టు, మా గాజువాక తమ్ముణ్ణి తీసుకొస్తాను, ఏదైనా డంజన్‌కి వెళ్దాం.